ఆ ఫారంలో ఒక గడి నాది

నేను మూడో తరగతి వరకే చదివాను. ఆ తర్వాత తమ్ముళ్లను ఎత్తుకోవడానికి ఇంట్లో మనిషి కావాలని బడి మానిపించారు. అక్షరాలు కూడబలుక్కుని చదువుతాను, రాస్తాను. కానీ ఒకసారి చెవిన పడ్డ మాట మాత్రం నన్ను వదిలిపోదు. ఎవరి పెళ్లిలో ఏ కూరలో ఉప్పు ఎక్కువైందో, దానికి వియ్యపురాలు ఏమందో, పెళ్లికొడుకు మేనత్త ఏం సమాధానం చెప్పిందో, అన్నీ వరసగా చెప్పగలను. అందుకే మా చుట్టాల్లో నేను ఉన్నానంటే కొందరు గొంతు తగ్గించి మాట్లాడుకుంటారు.

మా మరిది గురించి పేపర్ల వాళ్లు చాలా రాశారు. లాయరు, ఎంపీ, రక్షణ శాఖలో సహాయ మంత్రి, సైన్యంలో పాత పద్ధతులు మార్చినవాడు అని. ఆ కత్తిరింపులన్నీ మా ఆయన అట్టపెట్టెలో దాచారు. తుపాకుల సంగతి, విమానాల సంగతి నాకు తెలియదు. నాకు తెలిసింది ఒక్క కాగితం సంగతి. అది ఏ పేపర్లోనూ రాలేదు కాబట్టి నేనే రాస్తున్నాను.

నేను కాపురానికి వచ్చేటప్పటికి మా మరిదికి ఎనిమిదేళ్లు. అమలాపురంలో మా ఇంటి గడప దగ్గర హారతి పళ్లెం పట్టుకుని నిలబడ్డ మా అత్తగారు నా పేరు అడిగి, "ఆ పేరు మా పెద్దమ్మాయికి ఉందమ్మా. ఇవాళ్టి నుంచి నీకు ఇది" అని ఇంకో పేరు చెప్పారు. కూతుర్ని తిడితే కోడలికి తగలకూడదు, కోడల్ని తిడితే కూతురికి తగలకూడదు కదా. అప్పటి నుంచి నా పేరు అదే. మా పుట్టింటి వాళ్లు తప్ప పాత పేరుతో పిలిచేవాళ్లు లేరు. మా వైపు ఇది కొత్త సంగతేం కాదు. ఎవరూ పట్టించుకునేది కాదు.

సాయంత్రం పూట మరిది పొయ్యి దగ్గరకు వచ్చి పాఠం అప్పజెప్పేవాడు. పుస్తకం నా ఒళ్లో పెట్టేవాడు. నేను వేలు పెట్టి చూస్తూ ఉండేదాన్ని. రెండు రోజులయ్యేసరికి ఆ పాఠం నాకూ వచ్చేసేది. ఇక పుస్తకంతో పని లేదు.

"మధ్యలో ఏదో మింగేశావు అబ్బాయ్" అనేదాన్ని.

"మీరు చూడకుండా ఎలా చెప్పేరు?"

"నిన్న చెప్పినప్పుడు అక్కడ ఇంకో మాట ఉంది."

వాడు పెద్దవాడై, లా చదివి, మా వీధి గదిలోనే ఆఫీసు పెట్టాక ఈ అప్పజెప్పడం తిరగబడింది. రేపు కోర్టులో వాయిదా ఉందంటే, ఇవాళ నేను కొబ్బరి కోరుతుంటే ఎదురుగా పీట వేసుకుని కూర్చుని కేసంతా నాకు చెప్పేవాడు. పొద్దున్నే నల్లకోటు తొడుక్కుంటూ, "ఇప్పుడు మీరు అప్పజెప్పండి వదినా" అనేవాడు. నేను చెప్పేదాన్ని. ఎక్కడైనా నేను తికమక పడ్డానంటే నన్ను అనేవాడు కాదు. గుమస్తాని పిలిచి ఆ కాగితం మళ్లీ రాయించేవాడు.

"ఆవిడకి అర్థం కాకపోతే ఏమవుద్దండీ, జడ్జిగారికి అర్థమవుద్ది కదా" అని గుమస్తా గొణిగేవాడు.

"ఈవిడకి అర్థం కాకపోతే కాలేదని చెప్తారు. ఆయనకి అర్థం కాకపోయినా తలూపుతారు. అదండీ తేడా" అనేవాడు మరిది.

ఇప్పటికి ఇరవై ఏళ్లు దాటింది, ఒక వానాకాలం పొద్దున్న మా అరుగు మీదకి ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. రాజోలు దాటాక, గోదావరి సముద్రంలో కలిసే వైపు లంకలో వాళ్ల ఊరు. ఒకావిడకి యాభై దాటి ఉంటాయి, ఎండకి నల్లబడ్డ గట్టి మనిషి. వెనకాల ఆవిడ కోడలు, పాతికేళ్లుంటాయేమో, మోకాళ్లు ముడుచుకుని గోడకి ఆనుకుని కూర్చుంది. వాళ్లది పడవల మీద, వలల మీద బతికే ఇల్లు. ఉన్న ఒక్క కొడుకూ సైన్యంలో చేరాడు. సరిహద్దులో మంచుకొండ విరిగిపడి పోయాడు.

వాళ్ల ఇబ్బంది ఏమిటంటే, సైన్యం రికార్డులో ఆ అబ్బాయికి పెళ్లి కాలేదని ఉంది. వచ్చిన ఉత్తరాలన్నీ తల్లి పేరునే వచ్చాయి.

"మరి ఇదెవరండీ?" అంది ఆ అత్తగారు, కోడలి వైపు చెయ్యి చూపించి. "ఆరేళ్లు కాపురం చేసింది. ఏరు దాటి పంటు దిగేటప్పుడు ఆడి పెట్టె ఇదే మోసేది. ఇప్పుడు కాయితంలో మావాడు పెళ్లికాని కుర్రాడంట. ఆ డబ్బులు నాకిచ్చినా దీనికిచ్చినా ఒకే కుండలోకండీ, దాని కోసం రాలేదు. నేను ముసల్దాన్నవుతున్నాను. నేను పోతే మావోడి పేరు పక్కన ఇంకెవ్వరూ ఉండరు. నేనుండగానే ఇది ఆడి పెళ్లామని రాయించండి బాబుగారూ."

"రాయిద్దామమ్మా" అన్నాడు మరిది.

"ఆయ్" అంది ఆవిడ.

రాయించడం అంత తేలిక కాలేదు. పెళ్లి వాళ్లింటి ముందు పందిట్లో జరిగింది, ఏ ఆఫీసులోనూ నమోదు చేయించలేదు. ఫొటోలు తుఫానులో పోయాయి. మంత్రాలు చదివిన పంతులుగారు కాలం చేశారు. కోడలికి తల్లిదండ్రులు లేరు, ఉన్న అన్న మస్కట్‌లో పనిచేస్తున్నాడు. మరిది రేషన్ కార్డు, ఓటు కార్డు, ఊరి పెద్దల సంతకాలు అన్నీ జతచేసి పంపాడు. రికార్డులు పెట్టే ఆఫీసు ఎక్కడో ఉత్తరాదిన ఉంది. అక్కడి నుంచి ఒక్కటే జవాబు: ఈ పేరుగల స్త్రీ మా దగ్గర ఏ కాగితంలోనూ లేదు.

మూడు నెలలు అలాగే గడిచాయి. వాళ్లిద్దరూ వచ్చినప్పుడల్లా నేను మజ్జిగ ఇచ్చేదాన్ని. నాలుగోసారి వచ్చినప్పుడు నాకొకటి తట్టింది. ఆ అత్తగారు కోడల్ని ఎన్నడూ పేరుతో పిలవడం నేను వినలేదు. "ఒసే," "పిల్లా," "ఇదిగో," అంతే. గ్లాసులు తీసుకుంటూ అడిగాను.

"కోడలి పేరు ఎవరు పెట్టేరమ్మా?"

"నేనేనండి."

"అదేంటి, పుట్టినప్పుడు నువ్వు లేవు కదా?"

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "దీని అసలు పేరు నా పేరేనండి. పెళ్లి మాటలప్పుడే మా ఆయన అన్నాడు, ఒకే పేరుతో ఇద్దరున్నారంటే పడవ మీంచి కేకేస్తే ఎవరు పలకాలీ అని. గడప దాటగానే మార్చేశాను. ఊళ్లో అందరికీ మార్చిన పేరే తెలుసు. ఇందులో చెప్పడానికేముందండీ?"

"మరి మీ అబ్బాయికి?"

"ఆడికి మాత్రం అసలు పేరంటేనే ఇష్టం. ఆడు అదే పిలిచేవోడు" అని ఆవిడ అంటుండగా కోడలు తల పక్కకి తిప్పుకుంది.

నేను గ్లాసులు అరుగు మీదే వదిలేసి వీధి గదిలోకి పరుగెత్తాను. మరిది బీరువాలోంచి సైన్యం వాళ్లు పంపిన ఆ అబ్బాయి ఫారం నకలు తీశాడు. తల్లి పేరు రాసే చోట ఒక పేరు ఉంది. భార్య పేరు రాసే చోటా అదే పేరు రాసి, గీత కొట్టి ఉంది. కుర్రాడు పొరపాటున తల్లి పేరే రెండుసార్లు రాశాడనుకుని ఎవరో గుమస్తా దిద్దేశాడన్నమాట. అతన్నీ తప్పుపట్టలేం. అత్తాకోడళ్లకి ఒకే పేరుంటుందని అతను ఎలా అనుకుంటాడు? ఇక కార్డుల్లో ఉన్నదేమో మార్చిన పేరు. రికార్డులో ఉన్న పేరు కొట్టేశారు, కార్డుల్లో ఉన్న పేరు రికార్డులో లేదు.

మరిది ఆ కాగితం పట్టుకుని మెట్టు మీద కూలబడ్డాడు.

"మూడు నెలలుగా చూస్తన్నాను వదినా. ఆ గీత నకలు తీసేటప్పుడు పడ్డ మరకనుకున్నాను. వాళ్లని వెయ్యి ప్రశ్నలడిగాను, ఈ ఒక్కటీ అడగలేదు."

"నీకెవరూ పేరు మార్చలేదు కదా అబ్బాయ్" అన్నాను.

ఆ గీత చూపించి మరిది కోర్టులో కేసు వేశాడు, గెలిచేస్తామనుకున్నాం. ఓడిపోయాం. జడ్జిగారు మంచాయనేనట. ఈవిడ ఆ జవాను భార్యేనని నేను నమ్ముతున్నాను, కానీ ఏ కాగితం చూసి నమ్మాలో రూలులో రాసి ఉంది, ఆ పెళ్లి సర్టిఫికెట్ మీ దగ్గర లేదు అన్నారట. మరిది ఇంటికి వచ్చి కోటు తీగ మీద వేసి, భోజనానికి కూర్చుని, సగంలో చెయ్యి ఆపేశాడు.

"ఇది వాదించే చోట తేలేది కాదు. రూలు రాసే చోటికి పోవాలి."

కొబ్బరికాయల వ్యాపారం చేసే మా ఆయన పక్కనే తింటున్నారు. "ఎలక్షన్లోనా? నువ్వు నిలబడితే మన కొట్లో కాయలు కూడా నీకు ఓటెయ్యవురా" అన్నారు.

మొదటిసారి ఆయన అన్నట్టే అయింది. రెండోసారి గెలిచాడు. మా మరిది రాజకీయాల్లోకి ఎందుకు వెళ్లాడన్న దానికి ఊళ్లో వాళ్లు పది కారణాలు చెప్తారు, అవీ నిజమే అయ్యుండొచ్చు. నా కళ్ల ముందు సగంలో ఆగిన ఆ అన్నం ముద్దే నాకు తెలుసు.

ఎంపీ అయ్యాక మరిది ఇంటికి వస్తున్నాడని ఎలా తెలిసేదో, ఆ అత్తగారు రాజోలు నుంచి మొదటి బస్సుకే దిగేది. చేతిలో ఎండు నెత్తళ్ల చేపల పొట్లం నాకు. కోడలు రొయ్యల చెరువు మీద పనికి పోతోంది కాబట్టి ఒక్కతే వచ్చేది. పార్టీ వాళ్లు, కాంట్రాక్టర్లు, అందరి మధ్యలోంచి తోసుకొచ్చి అదే మాట అడిగేది.

"ఏం బాబుగారూ, అయ్యిందాండీ?"

"అవుతుందమ్మా."

"ఆయ్."

అంతే, వెళ్లిపోయేది. ఎవరెన్ని తిట్టినా నవ్వే మా మరిది, ఆ "ఆయ్"కి మాత్రం తల దించుకునేవాడు. ఏటికేడాది ఆవిడ నడుం వంగుతోంది. మొదట ఒక్కతే వచ్చే మనిషి తర్వాత కర్రతో వచ్చింది, ఆ తర్వాత ఎవరో చెయ్యి పట్టుకుంటే వచ్చింది. నెత్తళ్ల పొట్లం మాత్రం తగ్గలేదు.

మూడోసారి గెలిచాక సహాయ మంత్రిని చేశారు. అడిగి మరీ రక్షణ శాఖ తీసుకున్నాడని పేపర్లో చదివి మా ఆయన ఆశ్చర్యపోయారు. నాకు ఆశ్చర్యం కలగలేదు.

ఆ రోజుల్లోనే మా తోడికోడలికి ఆపరేషనైతే సాయానికి నేను ఢిల్లీలో మరిది ఇంటికి వెళ్లాను. గేటు దగ్గర తుపాకీ పట్టుకున్న జవాను నన్ను చూసి సెల్యూట్ కొట్టాడు. నా చేతిలో పనసపొట్టు సంచి. ఏం చెయ్యాలో తెలియక, "అన్నం తిన్నావా బాబూ?" అన్నాను. అతనికి భాష రాకపోయినా మాట అందింది, నవ్వాడు.

ఒక ఆదివారం హాల్లో ముగ్గురు ఆఫీసర్లు కూర్చున్నారు. అందులో తెల్లమీసాలాయన పెద్ద హోదాలో ఉన్నాయనట. మరిది వంటింటి గుమ్మం దాకా వచ్చి, "వదినగారూ, ఒకసారి రండి" అన్నాడు. పరాయివాళ్ల ముందు నన్ను గారు పెట్టి పిలుస్తాడు. నేనూ మీరు అంటాను.

"కొత్త రూలు రాశాం. తెలుగులో చెప్తాను. మీరు అప్పజెప్పాలి."

"ఇప్పుడా? చెయ్యి పసుపుగా ఉందండి."

"చేత్తో కాదు కదా."

ఆయన చెప్పాడు, నేను అప్పజెప్పాను. జవాను చనిపోతే, భార్య దగ్గర పెళ్లి సర్టిఫికెట్ లేకపోతే, ఇద్దరు గెజిటెడ్ ఆఫీసర్లు ఆమె భార్యేనని సంతకం పెట్టి ఇవ్వాలి. అక్కడ ఆగాను.

"ఆ గెజిటెడ్ ఆఫీసర్లు పెళ్లికి వచ్చేరాండీ?"

మరిది ఆ మాట ఇంగ్లీషులో చెప్పాడు. ఇద్దరు నవ్వారు. తెల్లమీసాలాయన నవ్వలేదు, ఇంకేం చెప్తుందో చెప్పమనండి అన్నాడట. వంటింట్లోకి వెళ్లిపోదామనుకున్నాను. కానీ నెత్తళ్ల పొట్లం గుర్తొచ్చింది.

"పెళ్లాం ఎవరో ఊళ్లో ఆడవాళ్లకి తెలుసండి. కాయితాల్లో వెతికితే దొరకదు, వాళ్ల గుమ్మంలోకి పోయి అడగాలి. ఇంకోటి. పేరు ఒక్కటే రాయించుకోకండి. ఇంట్లో పిలిచే పేరు కూడా రాయించుకోండి. అది మనిషి పోయాక కాదు, పెళ్లైన రోజునే. మా ఇళ్లల్లో పుట్టింటి పేరొకటి, అత్తింటి పేరొకటి. నాకూ అంతే."

"మీకూనా?" అన్నాడు మరిది. నలభై ఏళ్లుగా ఒకే ఇంట్లో ఉన్నాం, ఆయనకి నా అసలు పేరు తెలియదని అప్పుడే నాకు తెలిసింది. చెప్పాను. వాళ్ల పెద్దక్క పేరే అయినా, కొత్త పేరులా ఒకసారి మెల్లగా పలికి చూసుకున్నాడు.

తెల్లమీసాలాయన ఏదో అడ్డం చెప్పాడు. ఇంత పెద్ద దేశంలో ప్రతి లంకకీ, ప్రతి కొండకీ మా ఆఫీసర్లు ఎలా వెళ్తారని. మరిది గొంతు పెంచలేదు. వాళ్లు వెళ్లాక నేను అడిగితే, తను చెప్పింది తెలుగులో చెప్పాడు: "ఆ అబ్బాయి మా లంక నుంచి మీ మంచుకొండ దాకా వచ్చాడు. ఆ దూరమే మిమ్మల్ని తిరిగి వెళ్లమంటున్నాను. ఒక్క అడుగు కూడా ఎక్కువ కాదు."

ఆయన మీసం దువ్వుకుని, సరే రాయండి అన్నాడట.

రాయడానికీ అది అమల్లోకి రావడానికీ మధ్య చాలా కాలం పట్టింది. ఎన్ని సంతకాలో, ఎన్ని బల్లలో. ఈలోగా ఎన్నికలొచ్చాయి, మా మరిది ఓడిపోయాడు. ఎర్రలైటు కారు పోయింది, గేటు దగ్గర జవాన్లు పోయారు. అమలాపురం వచ్చి మళ్లీ వీధి గదిలో కూర్చున్నాడు. ఆ అత్తగారు రావడం మానేసింది. మంచం పట్టిందని కబురు తెలిసింది. మరిది, పోస్టుమాను సైకిల్ బెల్లు వినపడితే పేపరు దించేవాడు.

ఒక రోజు ఆ కోడలు నాకు ఫోన్ చేసింది. "అమ్మగారూ, రేపు సైన్యం నుంచి ఎవరో ఆఫీసరమ్మ వత్తన్నారంటండి. పాత కేసులు కూడా చూస్తన్నారంట. మా అత్తకి నిన్నట్నుంచి మాట సరిగ్గా రావట్లేదండి. నాకు బయమేత్తంది."

మర్నాడు పొద్దున్నే నేనూ మరిదీ బయల్దేరాం. పంటు దిగి, గట్టు వెంట నడిచి వెళ్లేసరికి వాకిట్లో ఊరంతా ఉంది. ఆఫీసరమ్మకి పాతికేళ్లు మించవు. బూట్లకి మోకాలి దాకా బురద. పక్కన తెలుగు వచ్చిన హవల్దారు. లోపల నులకమంచం మీద ఆ గట్టి మనిషి, గుప్పెడంత అయిపోయి ఉంది.

మరిది మంచం దగ్గరకి వెళ్లబోయాడు. ఆఫీసరమ్మ చెయ్యి అడ్డం పెట్టి ఏదో అంది. హవల్దారు తెలుగులో చెప్పాడు: "పెద్దాయనా, కొంచెం బయటికి జరగండి. రూలు ప్రకారం సాక్షి పక్కన పరాయి మగవాళ్లు, నాయకులు ఎవరూ ఉండకూడదు. ఎవరూ అందించకూడదు."

నాకు ఒళ్లు మండింది. ఈయనెవరో తెలుసా అనబోయాను. మరిది నా వైపు చూసి పెదాల మీద వేలు పెట్టాడు. వెళ్లి, పెరట్లో కొబ్బరిచెట్టుకి ఆనుకుని నిలబడ్డాడు. గొడుగు చేతికర్రలా పట్టుకుని, ఎవరో ఊరి మనిషిలాగే.

ఆడవాళ్లం కాబట్టి మమ్మల్ని గుమ్మంలో ఉండనిచ్చారు. హవల్దారు మంచం పక్కన ఒంగి అడిగాడు. "అమ్మా, మీ అబ్బాయి పెళ్లాం పేరేంటి?"

ఆవిడ పెదాలు కదిలాయి. మాట రాలేదు. మళ్లీ అడిగాడు. ఆవిడ కళ్లు పైకప్పు మీద తిరుగుతున్నాయి. పక్కింటావిడ మార్చిన పేరు గొణగబోతే ఆఫీసరమ్మ వేలెత్తి ఆపింది. కోడలు పొయ్యి దగ్గర నీళ్ల చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఈ ఒక్క పూట కోసం ఇన్నేళ్లు. ఈవిడ ఇప్పుడు చెప్పలేకపోతే, అసలు పేరు చెప్పగలిగినవాళ్లు ఊళ్లో ఇంకెవరూ లేరు. నా నోట్లో ఆ పేరు ఆడుతోంది, పళ్లు బిగపట్టుకున్నాను.

"నా పేరే" అంది ముసలావిడ.

"అమ్మా, మీ పేరు కాదు, మీ కోడలి..."

"నా పేరేనయ్యా. దాని పేరే నా పేరు. ఈ ఇంట్లో ఆ పేరు నేను తీసేశాను" అని ఊపిరి తీసుకుంది. "దానికి ఇంకో పేరు పెట్టాను. మా వోడు పాత పేరే పిలిచేవోడు."

అప్పుడు తల ఇటు తిప్పి, ఇన్నేళ్లలో మొదటిసారి, కోడల్ని ఆ పేరుతో పిలిచింది. తన పేరుతో. గొంతు చిన్నదే గానీ, పడవ మీంచి ఒడ్డుకి కేకేసినట్టు సాగదీసి పిలిచింది.

"వత్తన్నానత్తా" అంది కోడలు, ఎప్పుడూ అలాగే పిలుస్తున్నట్టు. చెంబు పొయ్యి గట్టు మీద పెట్టి వచ్చి మంచం పట్టె పట్టుకుంది.

ఆఫీసరమ్మ ఫారంలో రాసుకుంది. రాశాక తిప్పి నాకేమీ చూపించలేదు, నేనే మెడ చాచి చూశాను. భార్య పేరు అన్న గడి కింద ఇంకో గడి ఉంది. మూడు భాషల్లో అచ్చు వేశారు, అందులో తెలుగు ఒకటి. కూడబలుక్కుని చదివాను. ఇంట్లో పిలిచే పేరు. నేను ఢిల్లీలో పసుపు చేత్తో నిలబడి చెప్పిన మాట, ఒక్క అక్షరం మారకుండా. అప్పుడు నాకు కలిగిన గర్వం ఇప్పటికీ తగ్గలేదు, తగ్గించుకోవాలనీ లేదు.

ఆఫీసరమ్మ లేచి నిలబడి, టోపీ సరిచేసుకుని, కోడలికి సెల్యూట్ చేసింది. హిందీలో ఏదో చెప్పింది. మీ భర్త, అని హవల్దారు తెలుగులో మొదలుపెట్టాడు. ఆ మొదటి మాట దగ్గరే కోడలు ఏడ్చేసింది కాబట్టి హవల్దారు మిగతాది తెలుగు చెయ్యలేదు.

మేం బయల్దేరుతుంటే ముసలావిడ మరిదిని లోపలికి పిలిపించింది. ఆయన ఒంగాడు.

"అయ్యిందమ్మా" అన్నాడు. ఈసారి ఆవిడ అడక్కుండానే.

"ఆయ్" అంది ఆవిడ.

తిరిగి వచ్చేటప్పుడు పంటు మీద మోటార్‌సైకిళ్ల మధ్య నిలబడ్డాం. నాకింకా కోపం చల్లారలేదు.

"నువ్వెవరో ఒక్క మాట చెప్తే నీకు కూడా సెల్యూట్ కొట్టేది కదా అబ్బాయ్. పెద్దాయనా పక్కకి జరుగు అంటదా?"

"ఆ ముక్క రాసింది నేనే వదినా, నాయకులు ఉండకూడదని" అన్నాడు నీళ్ల వైపు చూస్తూ. "నన్ను కూడా జరగమందంటే ఆ పిల్ల బాగా అప్పజెప్పినట్టే."

తను చెట్టు దగ్గరుండిపోయాడు కదా, లోపల ఎవరెవరు ఏమన్నారో ఒక్క మాట మింగకుండా చెప్పండి అన్నాడు. నేను మొదలుపెట్టాను. అవతలి ఒడ్డుకి పంటు తగిలి, బళ్లన్నీ దిగిపోయినా నేనింకా చెప్తూనే ఉన్నాను, ఆయన వింటూనే ఉన్నాడు.